రెండు పాసుబుక్కులు

పింఛను చేతికొచ్చాక మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: డబ్బు ఎక్కడ ఉంచాలి? జవాబు పాత సంగతుల్లోనే ఉంది.

మాది పద్మనాభం. కొండ దిగువన మా ఇల్లు. నాన్నగారు కష్టార్జితమంతా ఒక ప్రైవేటు బ్యాంకులో దాచారు. అది మూతపడింది. అప్పట్లో డిపాజిట్లకు బీమా లేదు. అక్క పెళ్లి రెండేళ్లు ఆగింది. ఆ తర్వాత ఆయన పోస్టాఫీసు గడప తప్ప మరో గడప తొక్కలేదు.

1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన మీదట, 1962 జనవరి 1 నుంచి డిపాజిట్ బీమా వచ్చింది. పరిమితి 1,500 రూపాయలు. అది 1993లో లక్ష, 2020లో 5 లక్షలు అయింది. అదీ ఒక్కో ఖాతాకు కాదు. ఒక బ్యాంకులో మన పేరనున్న ఖాతాలన్నిటికీ కలిపి, వడ్డీతో సహా. పోస్టాఫీసు సొమ్ముకు కేంద్ర ప్రభుత్వమే పూచీ.

ఇక వడ్డీ. పూర్వం బ్యాంకుల్లో పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వకే వడ్డీ. అది తెలియక మా అమ్మాయి పెళ్లికి 28వ తేదీన డబ్బు తీసి, ఆ నెల వడ్డీ పోగొట్టుకున్నాను. 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకులు రోజువారీ నిల్వపై లెక్కకడుతున్నాయి. పోస్టాఫీసులో పాత పద్ధతే.

కనుక నాకు రెండు పాసుబుక్కులు. పాలు, మందులు, కరెంటు బిల్లు పింఛను పడే బ్యాంకు ఖాతాలోంచి. పొదుపు పోస్టాఫీసులో, పదో తేదీలోపు వేస్తాను, నెల మారాకే తీస్తాను. రెంటికీ నామినీ మా ఆవిడే. మీ పాసుబుక్కులోనూ ఆ పేరు ఉందో లేదో ఈరోజే చూసుకోండి.