సికింద్రాబాద్ పట్టాలు, ఆసిఫాబాద్ పట్టాలు: మొక్క నాటితే గొడవెందుకు?

ఈసారి మన సికింద్రాబాద్ స్టేషన్ నుంచే మొదలుపెడదాం. ప్లాట్‌ఫామ్ అంచున నిలబడి కిందికి చూస్తే పట్టాల కింద ఇప్పుడు కాంక్రీట్ స్లీపర్లు కనిపిస్తాయి. ఒకప్పుడు దేశమంతా ఎక్కువగా చెక్కవే వాడేవాళ్లు. వాడి నుంచి ఇక్కడికి నిజాం రైల్వే మొదటి లైన్ 1874లో వచ్చింది. ఆ కాలంలో ఒక మైలు పట్టాకి 1,760 నుంచి 2,000 స్లీపర్లు పట్టేవి. చెక్క పుచ్చిపోతుంది, చెదలు పడుతుంది, పదేళ్లో పన్నెండేళ్లో అయ్యాక మళ్లీ కొత్తది వేయాలి. అంటే రైలు అడవిని ఒక్కసారి తినేసి ఊరుకోదు, తింటూనే ఉంటుంది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో ఒక లెక్క ఉంటుంది: 1850ల్లో ఒక్క మద్రాస్ ప్రెసిడెన్సీలోనే స్లీపర్ల కోసం ఏడాదికి 35 వేల చెట్లు కొట్టారట. స్కూల్లో ఆ లైన్ చదివి, పరీక్ష రాసి, మర్చిపోయిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇట్లా కొట్టుకుంటూ పోతే కలప అయిపోతుందని బ్రిటిష్ వాళ్లకి భయం పట్టుకుంది. అడవి పోతుందని కాదండి, కలప పోతుందని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే నడుస్తుంది. జర్మనీకి చెందిన డీట్రిచ్ బ్రాండిస్‌ని పిలిపించి 1864లో అటవీ శాఖ పెట్టారు. 1865లో ఒక చట్టం, 1878లో ఇంకా గట్టి చట్టం, మద్రాసుకి 1882లో విడిగా ఇంకొకటి వచ్చాయి. 'శాస్త్రీయ అటవీ పెంపకం' అని ఒక పద్ధతి తెచ్చారు. రకరకాల చెట్లున్న అడవిని నరికేసి, ఆ జాగాలో ఒకే జాతిని వరసల్లో నాటి, వయసొచ్చాక కొట్టడం. నాటడం మాత్రం అంతకుముందే మొదలైంది. కేరళ నిలంబూరులో 1840ల్లోనే టేకు తోట వేశారు, ఓడల కలప కోసం. మన దేశంలో పెద్దఎత్తున చెట్లు నాటడం వెనక ఉన్న మొదటి ఆలోచన పర్యావరణం కాదు, సప్లై.

ఇప్పుడు ఆసిఫాబాద్ పోదాం. నిజాం ప్రభుత్వం కూడా అదే దారి పట్టింది. కాజీపేట నుంచి బల్హార్షా దాకా రైలు మార్గం 1920ల చివరికి పూర్తయింది, అదీ అడవి మధ్యలోంచి. అటు రైలు వచ్చింది, ఇటు రిజర్వు ఫారెస్ట్ హద్దులు గోండుల గూడేల దాకా జరిగాయి. తాతల నాటి నుంచి పోడు కొట్టుకుని, రెండు మూడేళ్లు పండించి, మళ్లీ అడవికి వదిలేసే భూమి ఒక్కసారిగా సర్కారుదైపోయింది. వదిలేసిన చేను మళ్లీ అడవి అవుతుంది కదా, అందుకని అది అడవే అన్నారు. పశువులు మేపితే పన్ను, పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకుంటే పన్ను. కొమురం భీం జోడేఘాట్ దగ్గర నిలబడింది దీని మీదే. 1940లో పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయాడు.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తతో గోండుల పరిస్థితి మీద నివేదికలు రాయించింది. ఆయన మార్లవాయిలో గోండులతో కలిసి ఉన్నాడు. సమస్యకి మూలం భూమేనని తేల్చాడు, చాలా కుటుంబాలకి పట్టాలు ఇప్పించాడు కూడా. ఆయన భార్య బెట్టీ సమాధి ఇవాళ్టికీ మార్లవాయిలోనే ఉంది. మన తెలుగులో రైలు పట్టాకీ భూమి పట్టాకీ ఒకటే మాట. ఒక పట్టా వచ్చి ఇంకో పట్టా లేకుండా చేసిందన్నమాట.

స్వాతంత్ర్యం తర్వాత ఏమైనా మారిందా? నా ఉద్దేశంలో పద్ధతి మారలేదు, కొనేవాళ్లు మారారు. అదే లైన్ మీద కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు, గోదావరి పక్కన సారపాకలో ఇంకొకటి. ముందు అడవిలో వెదురు వాడారు. తర్వాత జామాయిల్, అంటే యూకలిప్టస్. ఖమ్మం వైపు వాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. నాలుగైదేళ్లకి కోతకొస్తుంది, కొట్టిన మోడు నుంచే మళ్లీ చిగురిస్తుంది. రైతు సొంత పొలంలో వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, అదొక పంట. కానీ అడవి జాగాలో వేస్తే? ఆ ఆకు మేక కూడా ముట్టదు. కింద గడ్డి సరిగా పెరగదు. ఇప్పపువ్వు రాలదు, తునికాకు ఉండదు, తేనెపట్టు ఉండదు. గూడెంలో ఆడవాళ్లకి చేతిలో నాలుగు రూపాయలు ఆడేది వాటితోనే.

మరి లెక్కల్లో? లెక్కల్లో అది అడవే! ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వచనం ఏంటంటే, ఒక హెక్టారుకి తగ్గని జాగాలో చెట్ల కొమ్మల నీడ 10 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే అది అటవీ విస్తీర్ణం. ఏ జాతి చెట్టు, ఎవరి భూమి అనేది చూడరు. కోడ్ రాసినవాడిగా నాకు ఇది బాగా అర్థమైన సంగతి: డెఫినిషన్ ఎట్లా రాస్తే రిపోర్ట్ అట్లానే వస్తుంది. జామాయిల్ తోట లెక్కలోకి వస్తుంది. 2025లో బుల్‌డోజర్లు దిగిన కంచ గచ్చిబౌలి లాంటి చోట అసలు గొడవే 'ఇది అడవా కాదా' అని. నెమళ్లు, జింకలు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయని యూనివర్సిటీ విద్యార్థులు, రికార్డుల్లో అడవి కాదని ప్రభుత్వం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోపే దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి.

2015 జులైలో హరితహారం మొదలైంది. పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలి, లక్ష్యం 230 కోట్ల మొక్కలు. మంచి ఆలోచనే, కాదనను. మన రోడ్ల పక్కన నీడ కొంత దాని వల్లే. కానీ టార్గెట్ సంఖ్యలో ఉన్నప్పుడు నర్సరీ ఏ మొక్క తొందరగా పెరుగుతుందా అని చూస్తుంది. అట్లా వచ్చిందే కోనోకార్పస్, సోమాలియా, యెమెన్ తీరం చెట్టు. డివైడర్ల మీద గోడలాగా పెరిగింది. తర్వాత వద్దన్నారు, ఎక్కడికక్కడ కొట్టేయడం కూడా చూశాం. నాటిందీ ఖర్చే, కొట్టిందీ ఖర్చే.

ఊళ్లో అయితే ఇది డబ్బు దండగ, అంతే. అడవిలో సంగతి వేరు. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద ప్రాజెక్టు కోసం అడవి తీసుకుంటే, బదులుగా వేరేచోట అడవి పెంచాలి. అటవీయేతర భూమిలో పెంచాలి, కొన్ని సందర్భాల్లో క్షీణించిన అటవీ భూమిలో రెట్టింపు విస్తీర్ణంలో పెంచొచ్చు. క్షీణించిన అటవీ భూమి అంటే ఏంటండీ? చాలాచోట్ల ఎవరో ఒకరు పోడు చేసుకుంటున్న భూమే.

2019 జూన్ 30. కాగజ్‌నగర్ మండలం సార్సాల. కాళేశ్వరం ప్రాజెక్టుకి పోయిన అడవికి బదులు మొక్కలు నాటడానికి ట్రాక్టర్లతో సిబ్బంది వెళ్లారు. మా భూమి అని జనం అడ్డం తిరిగారు. ట్రాక్టర్ మీద నిలబడ్డ మహిళా రేంజ్ ఆఫీసర్‌ని కర్రలతో కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆ జిల్లా పేరేంటో తెలుసా? కొమురం భీం ఆసిఫాబాద్.

2022 నవంబర్‌లో ఇంకా ఘోరం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర, ప్లాంటేషన్ విషయంలో గొడవై, రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావుని నరికి చంపేశారు. నిందితులు గుత్తికోయలు. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇటు వచ్చిన తెగ అది. చంపడాన్ని ఎవరూ సమర్థించలేరు, నేనూ సమర్థించను. ఆయన తన డ్యూటీ చేస్తున్నాడు. కానీ ఆ డ్యూటీని ఆ భూమి మీద రాసిందెవరు అని అడగకపోతే ఈ ఎపిసోడ్ చేసి లాభం లేదు. అడవి పోయింది ఒక చోట, ఆ బాకీ తీరుస్తున్నది ఇంకో చోట, తన్నుకుంటున్నది ఫారెస్ట్ గార్డు, పోడు రైతు. ప్రాజెక్టు నీళ్లు తాగే మనం టీవీలో చూస్తాం.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ మొదలైంది. దాదాపు లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకి పైగా. సార్సాల గొడవకి సరిగ్గా నాలుగేళ్లు, అదే తారీఖు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే హక్కు. ఆ తారీఖుకి అటు ఇటుగా వచ్చిన గుత్తికోయల్లో చాలామంది చేతిలో ఇప్పటికీ ఏ కాగితమూ లేదు. వాళ్ల గూడేల గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.