సీఏ 125: ఆ అంకె ఎక్కడిది?

ల్యాబ్ రిపోర్టులో ‘సీఏ 125’ చూసి, 125 దాటితేనే ప్రమాదమేమో అనుకునేవాళ్లున్నారు. అది హద్దు కాదు, వరుస నంబరు. బోస్టన్‌లో రాబర్ట్ బాస్ట్ బృందం అండాశయ క్యాన్సర్ కణాలను పట్టుకునే యాంటీబాడీ కోసం ఒకదాని తర్వాత ఒకటి పరీక్షిస్తూ పోతే, పనికొచ్చింది 125వది. 1981లో ప్రకటించారు. అది అతుక్కునే ప్రొటీన్‌కూ అదే అంకె ఖాయమైంది. ‘సీఏ’ అంటే క్యాన్సర్ యాంటిజెన్. చిక్కంతా ఆ పేరుతోనే: పెరిగితే క్యాన్సరేనని అనిపిస్తుంది, కానీ అలా కాకపోవచ్చు. మామూలు హద్దు మిల్లీలీటరు రక్తానికి 35 యూనిట్లు. నెలసరిలో, గర్భంతో ఉన్నప్పుడు, ఎండోమెట్రియోసిస్‌లో, కడుపు టీబీలో కూడా అది దాటవచ్చు. తొలిదశ క్యాన్సర్‌లో ఒక్కోసారి అసలు పెరగదు. చికిత్స పనిచేస్తోందా, జబ్బు తిరగబెడుతోందా అని చూడటానికే ఇది ఎక్కువగా అక్కరకొస్తుంది. ఒక్క రిపోర్టుకే హడలిపోకండి. పాతవన్నీ పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.