ఇంజన్ ఆపితే పడుతున్న గేరు

తెల్లవారుజామున నాలుగున్నర. నూజివీడు నుంచి నున్న మామిడి మార్కెట్‌కు వెళ్లే దారిలో, ఆగిరిపల్లి ఇంకా అర కిలోమీటరు ఉందనగా, మా పికప్ రోడ్డు వారన నిలబడిపోయింది. వెనకాల డెబ్బై ట్రేల బంగినపల్లి కాయ. మే నెల కదా, ఆ చీకట్లోనూ ఉక్కపోతే. బావ క్లచ్ ఆఖరుదాకా తొక్కి గేర్ రాడ్‌ను రెండు చేతులతో నెడుతున్నాడు. కర్ర్‌ర్ మని ఇనుము అరుపు. "ఫస్టూ పడట్లేదు, రివర్సూ పడట్లేదురా" అంటున్నాడు. గొంతులో కంగారు దాగడం లేదు.

బెజవాడలో తెలిసిన మెకానిక్‌కు ఫోన్ కొట్టాం. గేర్‌బాక్స్ పోయుంటుంది, దించాలి, బండిని కట్టి లాక్కురమ్మన్నాడు. రెండు రోజుల పనట. రెండు రోజులు ఆగితే ఈ కాయ ఏమవుతుందో మామిడి తోట ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఊరి మొదట్లో ఒక షెడ్డు ఉంది. అందులోనే పడుకునే మేస్త్రీని లేపుకొచ్చాను. ఆయన బానెట్ జోలికి పోలేదు, కిందకు వంగలేదు. కిటికీ దగ్గర నిలబడి, "ఇంజన్ ఆపు తమ్ముడూ. ఇప్పుడు గేరు వెయ్యి" అన్నాడు.

ఫస్టు పడింది. సెకండు, థర్డు, ఫోర్తు, చివరికి రివర్సు కూడా. వెన్నలో వేలు దిగినట్టు. "గేర్‌బాక్సు నిక్షేపంలా ఉంది. నీ క్లచ్ వదలడం లేదు" అన్నాడు.

క్లచ్ తొక్కితే ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పట్టు వీడిపోవాలి. ఇక్కడ కాలైతే కిందకు వెళ్తోంది కానీ పట్టు వీడటం లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ లోపలి షాఫ్టూ తిరుగుతూనే ఉంది. రివర్సు మరీ గట్టిగా అరవడానికి కారణం, చాలా బళ్లలో దానికి పళ్ల వేగాలను కలిపే సింక్రో ఉండదు. తిరిగే పళ్లకు ఆగి ఉన్న పళ్లు నేరుగా తగులుతాయి.

బండిని షెడ్డు దాకా తెచ్చిన పద్ధతి వేరే దారి లేనప్పుడే చేయాల్సింది. ఇంజన్ ఆపి ఫస్టు గేరులో పెట్టి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, తాళం తిప్పాడు బావ. స్టార్టర్ మోటారు మూలుగుతూ లోడు మొత్తాన్ని ఒక్క కుదుపుతో ముందుకు లాగింది, ఇంజన్ అందుకుంది. అదే గేరులో నడక వేగంతో వచ్చాం.

షెడ్డులో బల్బు వెలుగు. మేస్త్రీ బానెట్ ఎత్తి క్లచ్ ఆయిల్ కప్పు మూత తిప్పాడు. అడుగున నాలుగు చుక్కలు, డికాషన్ రంగులో.

"నెల నుంచీ పోస్తూనే ఉన్నా, తగ్గుతూనే ఉంది మేస్త్రీ" అన్నాడు బావ.

"ఎక్కడికి పోతోందని అడగలేదా?"

బావ తల వంచుకున్నాడు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ మట్టం కొంచెం దిగుతుంది. క్లచ్‌ది అలా కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

పెడల్ పైన, డాష్‌బోర్డు కింద టార్చి వేసి వేలితో తడిమాడు. పొడిగా ఉంది. అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ బయటికి కారడం లేదు. గోనెసంచి పరుచుకుని బండి కిందకు దూరాడు, పక్కనే నేనూ. గేర్‌బాక్సు గూడుకు బిగించి ఉంది, ఆ ఆయిల్ తోపును అందుకునే స్లేవ్ సిలిండర్, దాని మూతికి రబ్బరు తొడుగు. ఆ తొడుగు అంచును స్క్రూడ్రైవర్‌తో వెనక్కి లాగగానే నల్లటి ఆయిల్ బొటబొటా ఆయన మణికట్టు మీద పడింది.

"క్లచ్ తొక్కు!" పైన బావ తొక్కాడు. నా కళ్ల ముందే స్లేవ్ సిలిండర్ పుష్ రాడ్ గోరంత కదిలి ఆగిపోయింది. అది క్లచ్‌ను విడదీసే ఫోర్కును కనీసం వేలి మందమైనా నెట్టాలి. ఈ కదలిక నిండుగా ఉండి కూడా గేరు పడకపోతే అప్పుడు రోగం లోపలున్నట్టు: ప్లేటో, ఫోర్కో, బేరింగో. అప్పుడు గేర్‌బాక్సు దించక తప్పదు. దించాలో వద్దో తేల్చింది ఆ గోరంత కదలికే.

సిలిండర్ విప్పి పిస్టన్ బయటకు లాగాడు. దాని నడుముకు చుట్టుకున్న రబ్బరు వాషర్ తీసి నా అరచేతిలో పెట్టాడు. అర్ధరూపాయి బిళ్లంత కూడా లేదు. అంచు ఒకవైపు చిట్లి, పోగులు లేచి ఉంది. టన్నుకు పైగా మామిడిని రోడ్డు మీద నిలబెట్టింది ఇదా అనిపించింది. సిలిండర్ లోపల చిటికెన వేలు తిప్పి చూశాడు, గీతల్లేవు. గీతలుంటే కొత్త వాషర్ వేసినా నిలవదు, సిలిండరే మార్చాలి. మా అదృష్టం, కొత్త వాషర్ కిట్టుతోనే సరిపోయింది.

సిలిండర్ బిగించాక, ఇక విప్పినప్పుడు లోపలికి చేరిన గాలి తీయడం. పెడల్ దగ్గరకు నన్ను ఎక్కించారు. కప్పు నిండా డాట్ 3 ఆయిల్, కింద నిపుల్‌కు సన్నటి గొట్టం, గొట్టం కొస సీసాలో. "కొట్టు, కొట్టు, కొట్టు... పట్టుకో!" నిపుల్ వదులు చేయగానే నా కాలి కింద పెడల్ కుంగిపోయింది. సీసాలో బుడబుడ. నిపుల్ బిగించాక, "ఇప్పుడు వదులు." ముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బావ పని కప్పు ఖాళీ కాకుండా పోస్తుండటం. పన్నెండోసారో పదమూడోసారో బుడగలు ఆగి, లేత తేనె రంగు ఆయిల్ తీగలా వచ్చింది. అప్పటిదాకా చచ్చుగా ఉన్న పెడల్ నా పాదాన్ని ఎదురు నెట్టింది. ఆ బిగువు తెలిసిన క్షణం నేను మర్చిపోలేను.

ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి మూడు అంకెలు లెక్కపెట్టి, బావ రివర్సు వేశాడు. చప్పుడు లేదు.

నున్న చేరేసరికి ఏడున్నర. బేరాలు ఇంకా నడుస్తున్నాయి.

బండి మీద బతికే అన్నదమ్ములారా, గేరు పడలేదని ఎవరైనా గేర్‌బాక్సు దించమంటే, ముందు ఇంజన్ ఆపి వేసి చూడండి. పడితే కప్పు మూత తీయించి, పుష్ రాడ్ ఎంత కదులుతోందో మీ కళ్లతో చూశాకే పానా పట్టనివ్వండి.