బోల్టు మీద తుత్తునాగం

ఇవాళ ఒక చిన్న వస్తువు చరిత్ర చెప్పుకుందాం. బోల్టు, దాని మీద వేసే పూత.

ఇబ్రహీంపట్నంలో మా రేకుల షెడ్డుకి బోల్టులు నేనే కొన్నాను. పసుపు రంగులో బంగారంలా మెరుస్తున్నాయి, పైగా చవక. రెండు వానాకాలాలు గడిచేసరికి ప్రతి బోల్టు కిందా రేకు మీద తుప్పు చార దిగింది. ఎదురుగా థర్మల్ స్టేషన్ నుంచి వచ్చే కరెంటు టవరు ఉంది. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. దాని బోల్టులు మాత్రం బూడిద రంగులో అలాగే ఉన్నాయి. రెండింటి మీదా ఉన్నది జింకే. మరి తేడా ఎక్కడొచ్చింది?

జింకుని మన పెద్దలు తుత్తునాగం అనేవారు. రాజస్థాన్‌లోని జావర్‌లో, యూరప్ వాళ్లకంటే కొన్ని వందల ఏళ్ల ముందే, దీన్ని బట్టీల్లో ఆవిరి చేసి తీశారు. ఇనుముకి జింకు పూయొచ్చని 1742లో ఫ్రాన్స్‌లో మలూయీన్ చెప్పాడు. 1837లో సోరెల్ దానికి పేటెంటు తీసుకున్నాడు. గాల్వానీ అనే శాస్త్రవేత్త పేరు మీద గాల్వనైజింగ్ అన్నారు. మనం 'జీఐ' అనే మాట అక్కడిదే.

జింకు ముందు తాను అరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. కాబట్టి పూత ఎంత మందమో ఆయుష్షు అంత. నేను కొన్నవి కరెంటుతో పూత వేసినవి. జింకు మందం 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది, ఆ పసుపు రంగు పైన వేసే క్రోమేటు పొర. టవరు బోల్టులని సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచుతారు. మందం 50 మైక్రాన్ల దాకా వస్తుంది. బొగ్గు పొగలోని గంధకం తేమతో కలిస్తే జింకు ఇంకా త్వరగా అరుగుతుంది. అలాంటి చోట పల్చటి పూత ఎన్నాళ్లు ఆగుతుంది?

అలాగని అన్నిటికీ ముంచిందే కొనమని కాదు. పూత మందం కాబట్టి నట్టు లోపలి మరలు కాస్త వదులుగా కోయాలి, అంచేత దాని నట్టే దానికి వాడాలి. 10.9 గ్రేడు, ఆపైన గట్టి బోల్టులతో ఇంకో చిక్కుంది. యాసిడ్‌తో కడిగి కరెంటు పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి దూరుతుంది. బిగించాక కొన్ని గంటలకో రోజులకో, ముందస్తు సూచన లేకుండా పుటుక్కున విరిగిపోవచ్చు. తుప్పైతే కనిపిస్తుంది, ఇది కనిపించదు.

అందుకే ఈసారి షాపులో రంగు చూడకండి. పూత ఎలా వేశారు, గ్రేడు ఎంత అని అడగండి. మా షెడ్డుకి బోల్టులన్నీ విప్పి మార్చాను. కూలీ ఖర్చే బోల్టుల ధరను మించింది.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.