ఏ వారం బాగుంది?

సీరియల్ చదివే ఇంట ఈ తగాదా ఉండనే ఉంటుంది. "పోయిన వారమే బాగుంది" అంటుంది వదిన. "ఏం బాగు, నా మొహం!" అంటుంది మరదలు. జపానువాళ్లకు టీవీలో వచ్చే బొమ్మల కథలతో, అంటే యానిమేలతో, ఇదే వరస.

1974లో అక్కడ ఆదివారం సాయంత్రం ఒకే వేళకు రెండు కథలు వచ్చేవి. ఒకటి ఆల్ప్స్ కొండల్లోని చిన్నపిల్ల 'హైదీ', రెండోది అంతరిక్షనౌక 'యమాటో'. ఒక టీవీలో రెండూ చూడలేరు కదా! ఎక్కువమంది హైదీ వైపే మొగ్గారు. 39 భాగాలనుకున్న యమాటో 26తో ఆగిపోయింది. అభిమానులు ఊరుకుంటేనా! 1977లో అది సినిమాగా వచ్చినప్పుడు ముందురాత్రే వెళ్లి హాళ్ల ముందు బారులు తీరారు.

1978లో 'యానిమేజ్' అనే మాసపత్రిక పుట్టింది. మరుసటేడు పాఠకుల ఓట్లతో పోటీ మొదలుపెట్టింది. ఏ కథ గొప్పదన్నదే కాక, ఏ భాగం గొప్పదన్నదీ అందులో తేల్చేవారు.

1996లో 'ఇవాంజెలియన్' చివరి రెండు భాగాలు యుద్ధాన్ని పక్కనబెట్టి కుర్రవాడి మనసులో దూరాయి. కొందరు మండిపడ్డారు, కొందరు అవే మేటి అన్నారు. 1997లో మరో ముగింపు సినిమాగా వచ్చింది.

ఎందరు చూశారో లెక్కలు చెబుతాయి. ఎంత మనసుపెట్టి చూశారో తగాదాలే చెప్పాలి. నవలలు రాసేదాన్ని కనుక నాకు తెలుసు. తిట్టే పాఠకురాలు పై వారం మళ్లీ పత్రిక తెరుస్తుంది. ఏమీ అనకుండా మూసేసే ఆవిడతోనే నాకు బెంగ.