పెక్కు వెబ్‌సైట్లు – ఒక్క తాళపుచెవి

ఒక జిల్లాలో నూరు పాఠశాలలు ఉన్నవనుకొందము. ప్రతి పాఠశాలకును ఒక వెబ్‌సైటు కలదు. ఒకనాడు పరీక్షల తేదీ మారినది. ఆ వార్తను నూరు సైట్లలోను ప్రకటింపవలెను. ఒక్కొక్క సైటులోనికి వేరువేరు పాస్‌వర్డుతో ప్రవేశించి, వార్తను చేర్చి, సరిచూచుకొని బయటికి వచ్చుటకు 10 నిమిషములు పట్టునేని, నూరు సైట్లకు 1,000 నిమిషములు, అనగా 16 గంటల 40 నిమిషములు పట్టును. ఒక మనిషికి అది రెండు దినముల పని.

ఒక్కచోట కూర్చుండి, ఒక్కసారి వ్రాసి, నూరు సైట్లకును పంపగలిగినచో ఈ శ్రమ యంతయు తప్పును. అట్టి వీలు కల్పించు కేంద్రఫలకమును డాష్‌బోర్డు అందురు. ఇది ఒకనాడు ఒక్కరు కనిపెట్టిన వస్తువు కాదు. ముప్పది సంవత్సరములలో అంచెలంచెలుగా రూపొందినది. ప్రతి అంచెలోను దానిని నిర్మించినవారికి ఒకే ప్రశ్న ఎదురైనది: పెక్కు సైట్లకు ఉమ్మడిగా ఉండదగినది ఏది, దేనికది వేరుగా ఉండవలసినది ఏది? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానములే ఈ ఫలకము యొక్క చరిత్ర.

మాట పుట్టుక

డాష్‌బోర్డు అను మాట వెబ్‌సైట్ల కంటె చాల పాతది. పాశ్చాత్యదేశములలో గుఱ్ఱపుబండ్లు నడచునప్పుడు గుఱ్ఱముల డెక్కలు చిమ్ము బురద బండివాని మీద పడకుండుటకై ముందువైపున ఒక పలకను అమర్చెడివారు. బురద చిమ్ముటను అడ్డు పలక గనుక దానికి ఆ పేరు వచ్చెను. మోటారుకారు వచ్చిన తరువాత గుఱ్ఱము పోయినది గాని పలక మిగిలినది. కారు వేగమును, పెట్రోలు మట్టమును తెలుపు సాధనములను దానిమీదనే అమర్చిరి. అచ్చటనుండి ఆ పేరు కంప్యూటరు తెరమీదికి ఎక్కినది. బండివాని బట్టలను కాపాడిన పలక ఇట్లు అన్ని సంగతులను ఒక్క చూపులో తెలుపు ఫలకముగా మారెను.

ఒక సైటు, ఒక యంత్రము

1989 మార్చిలో, జెనీవా నగరము వద్దనున్న సెర్న్ అను పరిశోధనాకేంద్రములో పనిచేయుచుండిన బ్రిటిషు శాస్త్రజ్ఞుడు టిమ్ బెర్నర్స్-లీ, నేడు మనము వెబ్ అని పిలుచు పద్ధతికి మూలమైన ప్రతిపాదనను వ్రాసెను. 1990 సంవత్సరాంతమునకు మొదటి వెబ్‌సైటు ఆయన నెక్స్ట్ కంప్యూటరు మీద నడువనారంభించెను. ఆ యంత్రము సర్వరు గనుక దానిని ఎవ్వరును ఆపరాదని ఎఱ్ఱసిరాతో వ్రాసిన చీటీ దానికి అంటించియుండెను. నాటి వెబ్‌సైటు నిర్వహణ యంతయు ఆ చీటీలోనే కలదనవచ్చును.

1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఈ పద్ధతిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించెను. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో మాథ్యూ గ్రే వేసిన లెక్కప్రకారము 1993 జూన్‌లో సైట్లు 130 మాత్రమే. 1994 డిసెంబరునాటికి అవి 10,022 అయినవి. సైటునకొక యంత్రమును, యంత్రమునకొక మనిషిని నియమించు పద్ధతి ఇంక సాగదని స్పష్టమయ్యెను.

ఒక యింట పెక్కు కాపురములు

మొట్టమొదట ఉమ్మడిగా చేయదగినదిగా కనిపించినది యంత్రమే. ఒకే కంప్యూటరులో పది సైట్లను ఉంచుటకు చోటు కొదువలేదు. చిక్కు వేరొకచోట ఉండెను. తొలి నిబంధనల ప్రకారము పాఠకుని కంప్యూటరు సర్వరునకు పంపు కోరికలో కావలసిన పుట పేరుండెడిది గాని సైటు పేరు ఉండెడిది కాదు. ఒక యింటిలో పది కాపురములున్నవి. ఉత్తరముపై ఇంటి సంఖ్య తప్ప మనిషి పేరు లేదు. పోస్టుమాను దానిని ఎవరికి ఈయగలడు? ఇందువలన ఒక్కొక్క సైటునకు ఒక్కొక్క సంఖ్యను, అనగా ఐ.పి. చిరునామాను, కేటాయింపవలసి వచ్చెడిది. నాటి పద్ధతిలో లభ్యమగు సంఖ్యలు మొత్తము సుమారు 429 కోట్లు. ప్రపంచమునకంతకును కలిపి అది పెద్ద నిధి కాదు.

1997 జనవరిలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నిబంధనలు ఈ చిక్కును విప్పినవి. ప్రతి కోరికలోను సైటు పేరు తప్పక వ్రాయవలెనని అవి విధించినవి. ఒక్క పంక్తి చేర్చుటతో ఒకే చిరునామాగల యంత్రము వందలకొలది సైట్లకు ఇల్లు కాగలిగెను.

ఇంటిని చూచుకొనుటకు ఒక ఫలకము కూడ ఆ కాలముననే ఏర్పడెను. అంతకుముందు సర్వరుపై పనిచేయువారు ఆజ్ఞలను అక్షరాలా టైపుచేయవలసియుండెను. 1996లో అమెరికాలో జె. నికొలస్ కోస్టన్ రూపొందించిన సీప్యానెల్ వంటి సాధనములు ఆ ఆజ్ఞలను తెరమీది బొత్తాములుగా మార్చినవి. ఈమెయిలు ఖాతాను తెరచుటకు, దస్త్రములను ఎక్కించుటకు ఇంజనీరే కావలెనను నియమము సడలెను.

ఉమ్మడి కుటుంబము

యంత్రము ఉమ్మడి అయినను ప్రతి సైటులోని పుటలు మాత్రము దేనికది చేతితో వ్రాసినవే. వాటిని కూడ ఒక పద్ధతిలోనికి తెచ్చుటకు పునాది 1995లో పడెను. డెన్మార్కునకు, కెనడాకు చెందిన రాస్మస్ లెర్డార్ఫ్ పి.హెచ్.పి. అను ప్రోగ్రాము భాషను ఆ యేటనే విడుదల చేసెను. మైయస్‌క్యూయల్ అను సమాచార భాండాగారము కూడ ఆ యేటనే వెలువడెను. ఇవి రెండును కలిసినందున విషయమును ఒకచోట, దానిని చూపు రూపమును వేరొకచోట ఉంచుట సులభమయ్యెను. ఈ పునాదిమీద 2001లో బెల్జియము దేశీయుడు డ్రీస్ బైటార్ట్ యొక్క ద్రూపల్, 2003 మే 27న మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారి వర్డ్‌ప్రెస్ లేచినవి.

ఒకే ప్రోగ్రాముతో పెక్కు సైట్లను నడుపుటకై వర్డ్‌ప్రెస్ యొక్క మరియొక రూపమును ఐర్లండు దేశీయుడు డోనకా ఓ కీవ్ ముఖ్యుడుగా అభివృద్ధి చేసిరి. దానికి వర్డ్‌ప్రెస్ ఎమ్.యు. అని పేరు. ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విషయమేమనగా, ఈ పద్ధతిని తొలిదినములలోనే చేపట్టినవారిలో విద్యారంగమువారు కలరు. 2005లో ఆస్ట్రేలియాలో జేమ్స్ ఫార్మర్ ప్రారంభించిన ఎడ్యుబ్లాగ్స్, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు సైట్లను ఇచ్చుటకు దీనినే వాడెను. 2010 జూన్ 17న వెలువడిన వర్డ్‌ప్రెస్ 3.0లో ఈ రూపము అసలు ప్రోగ్రాములోనే విలీనమయ్యెను.

ఇది మన ఉమ్మడి కుటుంబము వంటిది. ప్రోగ్రాము ఒక్కటే. సభ్యుల పట్టిక ఒక్కటే. కాని ఒక్కొక్క సైటు వ్రాతలకు భాండాగారములో వేరు పెట్టెలు కలవు. రెండవ సైటు పెట్టెపై 2, మూడవ సైటు పెట్టెపై 3 అని సంఖ్య ఉండును. ఇంటి యజమాని వంటి 'సూపర్ అడ్మిన్' అన్ని పెట్టెలను తెరువగలడు. ఒక్క సైటు అధికారి తన పెట్టెను మాత్రమే తెరువగలడు.

వేరు కాపురములు, ఒక్క పెద్ద

అందరును ఉమ్మడి కుటుంబములో ఇమడరు. కొన్ని సైట్లు హైదరాబాదులోని యంత్రముపై ఉండవచ్చును, కొన్ని సింగపూరులో ఉండవచ్చును. అట్టివాటికై రెండవ మార్గము ఏర్పడెను. ప్రతి సైటులోను కావలివాని వంటి చిన్న ప్రోగ్రామును ఉంచుదురు. కేంద్రఫలకము ఆజ్ఞను పంపును. ఆ ఆజ్ఞపై రాజముద్ర వంటి గుర్తు ఉండును. ఆ గుర్తు గణితముచే ఏర్పడును. దానిని వేయగల రహస్యసంఖ్య కేంద్రమువద్ద మాత్రమే ఉండును. అది సరియైనదో కాదో పరీక్షించుటకు చాలిన సంఖ్య ప్రతి సైటువద్దను ఉండును. ముద్ర సరిపోయినచో కావలివాడు ఆజ్ఞను నెరవేర్చును, లేనిచో త్రోసివేయును. మేనేజ్‌డబ్ల్యుపి, ఇన్ఫినిట్‌డబ్ల్యుపి, మెయిన్‌డబ్ల్యుపి మున్నగు సాధనములు 2010 తరువాతి దశాబ్దములో ఇట్టి పనికై వ్యాపించినవి.

ఏడు గంటల గడువు

కేంద్రఫలకము కేవలము సౌకర్యము కాదని 2014 అక్టోబరు 15న లోకమునకు తెలిసినది. ఆనాడు ద్రూపల్ 7లో ఒక ఘోరమైన లోపము బయటపడినది. భాండాగారములోనికి దొంగ ఆజ్ఞలు చొరకుండ కాపాడుటకు ఉద్దేశింపబడిన భాగములోనే ఆ లోపము ఉండెను. కంచె చేను మేయుట అన్న సామెత దీనికి చక్కగా సరిపోవును. లోపముతోపాటు సవరణను కూడ ప్రకటించిరి. కాని రెండు వారముల తరువాత ద్రూపల్ భద్రతాబృందమువారు చేసిన హెచ్చరిక అందరిని దిగ్భ్రాంతులను చేసెను. ప్రకటన వెలువడిన 7 గంటలలోపల సవరింపబడని ప్రతి సైటును శత్రువులు ఆక్రమించిరనియే భావింపవలెనని దాని సారాంశము.

మన కాలమానము ప్రకారము ఆ 7 గంటలు రాత్రి 9-30 నుండి తెల్లవారుజామున 4-30 వరకు నడచినవి. మన జిల్లాలోని నూరు సైట్ల లెక్కను ఇప్పుడు తలచుకొనవలెను. ఒక్కొక్క సైటును విడిగా సవరించుటకు 16 గంటల 40 నిమిషములు పట్టుచో, ఆ రాత్రి మెలకువగా ఉండి పనిచేసినవాడు కూడ 42 సైట్లను మాత్రమే రక్షింపగలిగియుండును. 58 సైట్లు దిక్కులేనివి అయియుండును. సవరణను ఒక్క ఫలకమునుండి అన్నిటికి పంపగలిగినవారికి మాత్రమే గడువు చాలును.

మన జిల్లాల అనుభవము

తెలంగాణములో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయినవి. 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశములో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. క్రొత్త జిల్లాకు కలెక్టరు కార్యాలయము వలెనే వెబ్‌సైటు కూడ కావలెను. ప్రతి జిల్లా తన సైటును మొదటినుండి కట్టుకొనవలసి వచ్చినచో కాలము, ధనము రెండును వృథా యగును.

1976లో స్థాపింపబడిన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరువారు ప్రభుత్వ సైట్లకై ఎస్.త్రీ.వాస్ అను ఉమ్మడి వేదికను నిర్మించిరి. రెండు రాష్ట్రముల జిల్లా సైట్లును దీనిపై వెలసినవి. పుటల అమరిక, భద్రత, చూపులేనివారు సైతము చదువుకొనుటకు తగిన ఏర్పాట్లు ఇందులో ఉమ్మడి. విషయము ఎవరిది వారిదే. రామప్ప గుడిని గూర్చి ములుగువారు చెప్పవలెను, శ్రీశైలమును గూర్చి నంద్యాలవారు చెప్పవలెను. మొదట మనము చెప్పుకొన్న ప్రశ్నకు ఇది మంచి సమాధానము.

తాళపుచెవి పోయినచో

అయినను ఒక్క సంగతి మరువరాదు. నూరు తలుపులకు ఒక్కటే తాళపుచెవి యున్నప్పుడు, అది పోయినచో నూరు తలుపులును ఒక్కసారి తెరచుకొనును. 2020 జనవరిలో ఇన్ఫినిట్‌డబ్ల్యుపి యొక్క కావలి ప్రోగ్రాములో సరిగా ఇట్టి లోపమే కనబడినది. అది 3 లక్షలకు పైగా సైట్లలో అమర్చియుండెను. కొన్ని ఆజ్ఞల విషయములో కావలివాడు ముద్రను పరీక్షించుట లేదు. నిర్వాహకుని పేరు మాత్రము తెలిసిన చాలు, పాస్‌వర్డు లేకయే ఎవరైనను లోనికి పోగలిగియుండిరి. తయారుచేసినవారు వెంటనే సవరణను విడుదల చేసిరి. కాని కావలివానిపై కూడ కావలి ఉండవలెనను పాఠము మిగిలినది.

2014 నాటి సంఘటన అశ్రద్ధకు గురియైన పెక్కు తాళముల ప్రమాదమును చూపినది. 2020 నాటి సంఘటన ఒక్క తాళపుచెవి ప్రమాదమును చూపినది. రెండింటికిని జవాబు ఒక్కటే. పనిని ఒకచోటికి చేర్చవచ్చును గాని అధికారమునంతయు ఒకే చేతిలో పెట్టరాదు. పాఠశాల సైటులో వార్త వ్రాయు ఉపాధ్యాయునికి వార్త వ్రాయు హక్కు చాలును. సైటును తుడిచివేయు హక్కు అక్కరలేదు. కేంద్రఫలకమును తెరచుటకు పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చు రెండవ సంకేతము కూడ ఉండవలెను. ఏ మార్పునైనను ముందుగా ఒక్క సైటులో పరీక్షించి, పిమ్మట తక్కినవాటికి పంపవలెను. సైట్ల నకళ్లను ఆ ఫలకమునకు అందని వేరొకచోట భద్రపరచవలెను.

మన నూరు పాఠశాలల జిల్లాలో ఈ నాలుగు జాగ్రత్తలను పాటించినచో పరీక్ష తేదీ మారిన వార్త 10 నిమిషములలో అందరికిని చేరును. ఒకవేళ ఎవరైన దుష్టుడు తప్పుడు తేదీని ప్రకటించినను, దానిని గుర్తించి, నకలునుండి సరియైన పుటను తిరిగి నిలుపుటకు కూడ ఆ ఫలకమే ఉపకరించును.