సూరత్ నగర చరిత్ర రచన

గుజరాత్ దక్షిణ భాగంలో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌ను గురించి నాలుగు వందల ఏళ్ళుగా పుస్తకాలు వస్తున్నాయి. మొదటి రెండున్నర శతాబ్దాల్లో వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఓడల మీద వచ్చి వెళ్ళిన పరదేశులు రాసినవి. ఊరివాళ్ళు తమ ఊరి కథను తమ భాషలో అచ్చువేసుకోవడం పందొమ్మిదో శతాబ్ది నడుమ మొదలైంది. అప్పటికి రేవు వైభవం బొంబాయికి తరలిపోయింది. ఉన్నది చేజారుతున్నప్పుడే చరిత్ర రాయాలన్న తపన పుడుతుందనడానికి ఈ నగరపు గ్రంథాలు మంచి సాక్ష్యం. ఒక్క నగరం ఒక చిన్న దేశంలా తన జీవితాన్ని, సంస్కృతిని, గతాన్ని పుస్తకాల్లో నిలుపుకున్న తీరు వాటిలో కనిపిస్తుంది.

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరానికి ప్రధాన రేవు. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. ఇంగ్లీషువారికి 1613లో ఇక్కడ వర్తకశాల నడుపుకోవడానికి మొగలు అనుమతి దొరికింది. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా వచ్చి చేరారు. 1623లో ఇటలీ నుంచి వచ్చిన పియెత్రో దెల్లా వాల్లె, ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, ఇంగ్లీషు మతగురువు జాన్ ఓవింగ్టన్ తమ ప్రయాణ గ్రంథాల్లో సూరత్‌ను వర్ణించారు. ఓవింగ్టన్ 1689లో చేసిన ప్రయాణం 1696లో లండన్‌లో పుస్తకమైంది. సూరత్ నుంచి గోల్కొండకు పోయే దారిని తావెర్నియే మజిలీలతో సహా చెప్పాడు. మచిలీపట్నం వర్తకశాలలో పనిచేసి గోల్కొండ రాజ్యం గురించి రాసిన విలియం మెత్‌వోల్డ్ 1633లో సూరత్ ఇంగ్లీషు వర్తకశాలకు అధ్యక్షుడయ్యాడు. అంటే తెలుగు తీరం, తాపీ తీరం ఆనాడే ఒకే మనిషి అనుభవంలో కలిశాయి. అయితే ఈ రచనలన్నిటికీ ఒక హద్దు ఉంది. సరుకు ధర, సుంకం, రేవు అధికారుల వైఖరి వాటిలో బాగా తెలుస్తాయి. పెరటిలో మగ్గం వేసుకుని బతికినవాడి మాట మాత్రం వినపడదు.

ఆ లోటును తీర్చే దారి వేసినవాడు కవి నర్మద్. అసలు పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833 ఆగస్టు 24న సూరత్‌లో పుట్టాడు. అతనికి నాలుగేళ్ళు నిండకముందే, 1837 ఏప్రిల్‌లో ఊరిని అగ్ని చుట్టుముట్టింది. ఐదు వందల మందికి పైగా చనిపోయారు, వేల ఇళ్ళు బూడిదయ్యాయి. అదే ఏడు తాపీకి పెద్ద వరద వచ్చింది. పెరిగి పెద్దయిన నర్మద్ చూసిన సూరత్, పాత వైభవం గురించి పెద్దలు చెప్పుకునే దెబ్బతిన్న ఊరు. 1858లో అతను బడిపంతులు ఉద్యోగం వదిలి, ఇక కలమే తనను పోషించాలని నిర్ణయించుకున్నాడు. 1860ల నడుమ ‘సూరత్‌నీ ముఖ్తేసర్ హకీకత్’ పేరుతో నగర చరిత్రను క్లుప్తంగా గుజరాతీ వచనంలో రాశాడు. గుజరాతీలో నగర చరిత్రకు ఇదే మొదలు కాదు. మగన్‌లాల్ వఖత్‌చంద్ రాసిన అహమ్మదాబాదు చరిత్ర 1851లోనే వెలువడింది. కాని నర్మద్ పుస్తకం ఒక పెద్ద పనిలో భాగం కావడం దాని విశేషం. 1866లో అతను తన జీవితాన్ని ‘మారీ హకీకత్’గా రాశాడు. ఈ ఆత్మకథ అందరికీ అందుబాటులోకి వచ్చింది 1933లో, అతని శతజయంతి ఏట. గుజరాతీ మాటలను కూర్చిన ‘నర్మకోశ్’ 1873లో పూర్తయింది. ఊరి కథ, తన కథ, భాష నిఘంటువు ఒకే మనిషి చేతిమీదుగా రావడం కాకతాళీయం కాదు. ఒక జాతి తన కాళ్ళమీద నిలవాలంటే ఈ మూడూ కావాలని నర్మద్ నమ్మాడు. తెలుగువారికి కందుకూరి వీరేశలింగం గుర్తుకు వస్తాడు. నర్మద్ కూడా వితంతు వివాహాల కోసం పోరాడాడు, స్వయంగా ఒక వితంతువును పెళ్ళాడాడు. గుజరాత్ ఎవరిదని ప్రశ్నించి, కులమతాలతో పని లేకుండా అక్కడ పెరిగిన, ఆ భాష మాట్లాడే అందరిదీ అని ఒక కవితలో జవాబిచ్చాడు.

నర్మద్ ఒంటరివాడు కాడు. 1844లో సంఘసంస్కర్త దుర్గారామ్ మెహతాజీ తదితరులు సూరత్‌లో మానవ ధర్మ సభ స్థాపించారు. 1850లో ఆండ్రూస్ గ్రంథాలయం, తర్వాత ‘గుజరాత్‌మిత్ర’గా పేరుపడిన పత్రిక 1863లో వచ్చాయి. సూరత్‌వాడే అయిన నందశంకర్ మెహతా 1866లో ‘కరణ్ ఘేలో’ రాశాడు. గుజరాతీలో తొలి స్వతంత్ర నవలగా దానికి పేరు. ఢిల్లీ సుల్తాను సేనల చేతిలో ఓడిన చివరి వాఘేలా రాజు అందులో కథానాయకుడు. ఇక్కడా ఊపిరి కోల్పోయిన రాజ్యమే కథావస్తువు.

1877లో బొంబాయి ప్రభుత్వం సూరత్, భరూచ్ జిల్లాల గెజెటీరు అచ్చువేసింది. 1958లో ఈశ్వర్‌లాల్ ఇచ్ఛారామ్ దేసాయి ‘సూరత్ సోనానీ మూరత్’ వచ్చింది. ఊరి మీద అభిమానంతో రాసిన ఈ గుజరాతీ గ్రంథాన్ని తర్వాతి పరిశోధకులూ వాడుకున్నారు.

1979లో సూరత్ గురించి రెండు ముఖ్య గ్రంథాలు ఒకే ఏడు వెలువడ్డాయి. బి.జి. గోఖలే పదిహేడో శతాబ్దపు నగర జీవితాన్ని చిత్రించాడు. అశీన్ దాస్‌గుప్తా 1700-1750 మధ్య భారతీయ వర్తకుల పతనాన్ని డచ్చి పత్రాల ఆధారంగా పరిశీలించాడు. దాస్‌గుప్తా పుస్తకానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. సూరత్‌ను యూరోపియన్ కంపెనీలే దెబ్బతీశాయన్న తేలిక మాటను అది ఒప్పుకోలేదు. మొగలు పాలన బలహీనపడటం, అటు పర్షియా, అరేబియా విపణుల్లో అల్లకల్లోలం కలిసి రేవును కుంగదీశాయని అది చూపింది. సొంత ఓడల దండు నడిపిన ముల్లా అబ్దుల్ గఫూర్ వంటి వర్తకులు అందులో మనుషులుగా, ఆశలతో, తగవులతో కనిపిస్తారు. ఆ తర్వాత లక్ష్మీ సుబ్రమణియన్ 1996లో, సూరత్ షరాబులు ఇంగ్లీషు కంపెనీకి అప్పులిచ్చి దాని ఎదుగుదలకు ఎలా తోడయ్యారో చెప్పింది. ఫర్హత్ హసన్ 2004లో, గులామ్ నద్రీ 2009లో మొగలు, తదనంతర కాలాల పరిశీలనను విస్తరించారు. డగ్లస్ హేన్స్ 1991 నాటి గ్రంథం 1852లో ఏర్పడిన పురపాలక సంఘం నుంచి 1928 దాకా పౌరజీవితం ఎలా రూపుదిద్దుకుందో వివరిస్తుంది. ఆ కాలంలోనే, 1907 డిసెంబరులో ఇదే ఊళ్ళో కాంగ్రెసు మితవాదులు, అతివాదులుగా చీలింది.

ఇటీవలి పుస్తకాలు మగ్గాల వైపు తిరిగాయి. డచ్చి సామాజికవేత్త యాన్ బ్రెమన్ 1960ల తొలినాళ్ళ నుంచి దక్షిణ గుజరాత్ పల్లెల్లో తిరిగాడు. వలస కూలీలపై అతని గ్రంథం 1996లో వచ్చింది. 2000లో అరవింద్ దాస్‌తో కలిసి, రవి అగర్వాల్ ఛాయాచిత్రాలతో మరో గ్రంథం వెలువరించాడు. వాటిలోని సూరత్ వజ్రాల మెరుపు, పట్టు సొంపు ఉన్న నగరం కాదు. ఇరుకు గదుల్లో షిఫ్టుల వారీగా నిద్రపోయే మనుషుల నగరం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచినప్పుడు ఆ ఇరుకు ప్రపంచానికంతా తెలిసింది. ఘన్‌శ్యామ్ షా 1997లో ఆ సంక్షోభాన్ని ప్రజారోగ్యం, పట్టణాభివృద్ధి కోణంలో పరిశీలించాడు. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త తొలగింపు, పారిశుధ్య పనులతో ఊరికి వచ్చిన చెడ్డపేరు పోగొట్టాడు.

నర్మద్ మీద ఆసక్తి మళ్ళీ పెరిగింది. దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం 2004లో వీర నర్మద్ పేరు తీసుకుంది. త్రిదీప్ సుహృద్ 2009లో ముగ్గురు గుజరాతీ ఆలోచనాపరులపై రాసిన గ్రంథంలో నర్మద్ ఒకడు. తులసీ వత్సల్, అబాన్ ముఖర్జీ ‘కరణ్ ఘేలో’ను 2015లో ఇంగ్లీషులోకి తెచ్చారు. నూట యాభై ఏళ్ళనాటి నవలకు దేశమంతటా కొత్త పాఠకులు దొరికారు.

ఈ పరంపరలో తెలుగువారికి దగ్గరి విషయం ఒకటుంది. హేన్స్ 2012 గ్రంథం పశ్చిమ భారతంలోని చేనేత, చిన్న పరిశ్రమల చరిత్ర. అందులో తెలుగు నేల నుంచి షోలాపూర్, భివండీ వెళ్ళిన పద్మశాలీలకు పెద్ద చోటుంది. సూరత్ జరీ, నేత పనివారి కథ కూడా అందులోనే ఉంది. తర్వాత సూరత్ మరమగ్గాల దగ్గరికి కూడా తెలంగాణ నేతకారులు వెళ్ళారు. తెలంగాణ నేతకారులు ఈ మరమగ్గాన్ని సాంచె అంటారు. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. నగరపాలక పాఠశాలల మండలి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. 2011 జనగణనలో 44 లక్షలు దాటిన నగరంలో ఎందరో ఇలా బయటి నుంచి వచ్చినవారే. ఈ బడుల రిజిస్టర్లు, సాంచెల జీతపు పద్దులు, పేటల గుడుల దాతల పట్టికలు సూరత్ చరిత్రకు దాస్‌గుప్తా వాడిన డచ్చి పత్రాలతో సమానమైన ఆకరాలు. వాటిని చదవడానికి గుజరాతీతో పాటు తెలుగూ, ఒడియా వచ్చిన చరిత్రకారులు కావాలి.